పైకి పోయేకొద్దీ సాగిన నుదురు: ఒక అభిమాని బొమ్మల కేసు

నేను డ్రాయింగ్ మాస్టర్ని. లోయర్, హయ్యర్ డ్రాయింగ్ పరీక్షలు పాసై, టీటీసీ అనే టీచర్ సర్టిఫికెట్ కోర్సు చేసి, బడిలో చాలా ఏళ్ళు పిల్లలకి బొమ్మలు నేర్పాను. ఇప్పుడు పెద్దవాళ్ళకి నేర్పుతున్నాను. వాట్సాప్‌లో మాకో గ్రూపు ఉంది. పగలంతా ఉద్యోగమో దుకాణమో వంటిల్లో చూసుకుని, రాత్రి పదింటికి పెన్సిల్ పట్టుకునేవాళ్ళు అరవై మందికి పైనే ఉంటారు. గీసేవాటిలో ముప్పాతిక వంతు సినిమావాళ్ళ ముఖాలే. మిగతావి ఇంట్లోవాళ్ళవి.

ఈ కేసు అందులో ఒకావిడది. ఆవిడ ఒప్పుకున్నాకే రాస్తున్నాను. ఊరు, ఉద్యోగం చెప్పను. హీరో పేరు కూడా చెప్పను, చెబితే ఇక బొమ్మ గురించి ఎవరూ మాట్లాడరు కాబట్టి.

దీన్ని రాయడానికి కారణం ఆవిడ బాగుపడ్డారని కాదు. నాలుగు నెలలపాటు నేను తప్పు చోట వైద్యం చేశాను. ఆ తప్పులు ఎలా చేశానో, ప్రతి మెట్టు దగ్గర ఏమనుకుని చేశానో చెబితే నాలాగా నేర్పేవాళ్ళకి పనికొస్తుంది.

నేపథ్యం

ఆవిడకి నలభై దాటాయి. కాలేజీ రోజుల్లో వారపత్రికల సినిమా పేజీలు ముందు పెట్టుకుని పెన్సిల్ బొమ్మలు వేసేవారు. పెళ్ళి, పిల్లలు, ఉద్యోగం, మధ్యలో 16 ఏళ్ళు విరామం. మళ్ళీ మొదలుపెట్టి అప్పటికి ఏడాది. సామాను మామూలుదే: హెచ్‌బీ, 2బీ, 4బీ, 6బీ పెన్సిళ్ళు (బీ ముందు అంకె పెరిగేకొద్దీ మెత్తన, నలుపు ఎక్కువ), ఏ4 డ్రాయింగ్ షీట్లు, పిండిలా నలిపే రబ్బరు ఒకటి. చేతి కింద బటర్ పేపర్ పెట్టుకునే అలవాటు ఉంది, అంటే శుభ్రత తెలిసిన మనిషి. షేడింగ్‌లో చేయి మెత్తన. జుట్టు ఒక్కో వెంట్రుకగా కాకుండా ముద్దలుగా చూసి వేస్తారు. పళ్ళ మధ్య గీతలు గీయరు. ఈ రెండూ చాలామందికి రెండేళ్ళకి గాని రావు.

పోలిక మాత్రం రాదు. కన్ను వేరుగా చూస్తే కన్నే, ముక్కు వేరుగా చూస్తే ముక్కే. కలిపి చూస్తే ఎవరో దూరపు చుట్టం.

వచ్చిన సమస్య

హీరో పుట్టినరోజుకి ఆవిడ తొమ్మిది రాత్రులు కూర్చుని ఒక బొమ్మ వేశారు. మా గ్రూపులో పెట్టకుండా నేరుగా అభిమానుల పేజీలో పెట్టారు. ఆ లోకం ఎలాంటిదో తెలిసినవాళ్ళకి తర్వాత ఏం జరిగిందో చెప్పక్కర్లేదు. "మా అన్నని ఇలా చేశావేంటి" అన్నది అందులో మర్యాదైన మాట. మరో హీరో అభిమానులు ఆ బొమ్మ తీసుకుని పక్కన ఇంకెవరి ఫొటోనో అతికించి తిప్పారు. ఆవిడ బొమ్మ తీసేశారు గానీ, అప్పటికే అది ఆవిడ చేతిలో లేదు.

వారం తర్వాత అదే బొమ్మ మా గ్రూపులో పెట్టి, "ఎక్కడ పోయిందో చెప్పండి" అన్నారు. 41 జవాబులు వచ్చాయి. కళ్ళు చిన్నవన్నారు ఒకరు, కళ్ళు పెద్దవన్నారు ఇంకొకరు. దవడ బరువుగా ఉందన్నారు. నుదురు ఇరుకన్నారు. "సూపర్ అక్కా" అన్నవాళ్ళు పన్నెండు మంది. ఆ తర్వాత ఐదు వారాలు ఆవిడ గ్రూపులో ఏమీ పెట్టలేదు. నేను ఫోన్ చేస్తే ఒకే మాట అన్నారు:

"చేయి పోయింది మాస్టారూ. కాలేజీలో వేసినవే నయం. అప్పుడు ఎవరూ నేర్పలేదు, అయినా పోలిక వచ్చేది. ఇప్పుడు ఎంత కూర్చున్నా రావట్లేదు."

నేను దాన్ని బాధలో అన్న మాటగా తీసుకున్నాను. అదొక ఆనవాలు అని నాకు తట్టలేదు. ఈ కేసులో నా మొదటి తప్పు అదే.

మొదటి ప్రయత్నం: మాటల మీద మందు

అప్పుడు నాకు అనిపించింది ఇదీ: ఆవిడ బొమ్మలో లోపం మామూలుదే, అసలు దెబ్బ వ్యాఖ్యలది. ఒకే బొమ్మకి కళ్ళు చిన్నవి, పెద్దవి అని రెండూ వింటే ఎవరికైనా చేయి ఆగుతుంది. కాబట్టి గ్రూపుకి ఒక నియమం పెట్టాను. మెచ్చుకోవడం ఒక ముక్కలో సరిపెట్టండి, లోపం చెబితే మెత్తగా చెప్పండి అని.

వాతావరణం చల్లబడింది, నిజమే. ఆవిడ మళ్ళీ రెండు బొమ్మలు పెట్టారు. కానీ ఇప్పుడు అందరూ "ఇంకొంచెం పోలిక కుదిరితే అద్భుతం అండీ" అనే రకం మాటలు మొదలుపెట్టారు. మెత్తగా ఉంది, పట్టుకోవడానికి ఏమీ లేదు. పోలిక కుదరలేదని ఆవిడకి తెలుసు. ఎక్కడ అన్నది కదా ప్రశ్న. మర్యాద నేర్పాను, చూడటం నేర్పలేదు. ఆరు వారాలు అలా పోయాయి.

రెండో ప్రయత్నం: గళ్ళు

మా నాన్న సినిమా కటౌట్ల ఆర్టిస్టు. ఫ్లెక్సీలు రాకముందు థియేటర్ ముందు నిలబడ్డ నలభై అడుగుల హీరోలంతా పోస్ట్‌కార్డంత స్టిల్లు మీద గళ్ళు కొట్టి పెంచినవాళ్ళే. చిన్న స్టిల్లు మీద చిన్న గడి, ప్లైవుడ్ మీద దానికి తగ్గ పెద్ద గడి. ఏ గడిలో ఏ గీత పోతుందో చూసి దింపడమే. కాబట్టి గళ్ళంటే నాకు చిన్నచూపు లేదు. కొందరు డ్రాయింగ్ మాస్టర్లు దాన్ని దొంగతనం అన్నట్టు మాట్లాడతారు. వాళ్ళు ఎప్పుడూ నలభై అడుగుల ముక్కు వేసి ఉండరు.

ఆవిడకి 2 సెంటీమీటర్ల గళ్ళు కొట్టి వేయమన్నాను. నా లెక్క ఏమిటంటే, ఒకసారి పోలిక వస్తే ధైర్యం వస్తుంది, ధైర్యం వస్తే కళ్ళతో కొలవడం తర్వాత నేర్పొచ్చు.

పోలిక వచ్చింది, అదీ మొదటిసారే. ఎంత బాగా వచ్చిందంటే గ్రూపులో ఇద్దరు "ఇది ట్రేసింగ్ కదా" అన్నారు, ఒకాయన ఫోన్‌లో పెన్సిల్ ఫిల్టర్ పెట్టి ఉంటారన్నాడు. ఆవిడ గళ్ళు సగం చెరిపిన దశలో తీసిన ఫొటో పెట్టి నిరూపించుకోవాల్సి వచ్చింది. అది కూడా భరించొచ్చు. ఆవిడ నాతో విడిగా అన్న మాట వేరు: "గళ్ళు చెరిపేశాక నేను వేసినట్టు లేదు మాస్టారూ. ఒక్కో గడిలో ఒక్కో ముక్క వేశాను. ముఖం ఎప్పుడు వచ్చిందో నాకే తెలీదు."

పైగా హెచ్‌బీతో నొక్కి గీసిన గళ్ళు చెరిగినా పల్లం మిగిలిపోయింది. బుగ్గ మీద 4బీ షేడింగ్ వేసేసరికి ఆ పల్లాల్లో రంగు పట్టక తెల్లటి గీతలు తేలాయి. గళ్ళు 2హెచ్‌తో (గట్టిగా ఉండి లేత గీత ఇచ్చే పెన్సిల్), పెన్సిల్ బరువు మాత్రమే ఆనేలా గీయాలని ముందే చెప్పకపోవడం నా తప్పే.

గళ్ళు మానేసి వేసిన మరుసటి బొమ్మలో మళ్ళీ పాత దూరపు చుట్టం ప్రత్యక్షం.

ఇక్కడ నేను ఆగి ఆలోచించాల్సింది. గళ్ళతో వేస్తే పోలిక వస్తోంది. అంటే గీత అదుపులోనే ఉంది, చేయి పోలేదు. గళ్ళు లేకపోతే రావట్లేదు. గళ్ళకీ మామూలుగా చూసి వేయడానికీ తేడా ఏమిటి? గళ్ళు స్కేలుతో కొలిచినవి. కంటికి ఎలా కనిపించినా గడి గడే. కంటికి కనిపించే దాంట్లోనే ఏదో తేడా ఉందన్నమాట. ఇవాళ ఇంత సులువుగా రాస్తున్నాను గానీ, ఆరోజు నేను అనుకున్నది "కళ్ళతో కొలవడం ఇంకా రాలేదు, అభ్యాసం చాలదు" అని మాత్రమే.

మూడో ప్రయత్నం: ఫొటో సరిచేయడం

ఈలోగా ఆవిడ పెట్టే ఫొటోల్లో ఒకటి గమనించాను. కాగితం అంచులు సమాంతరంగా లేవు, పైఅంచు ఇరుకుగా, కిందిది వెడల్పుగా ఉంది. కుర్చీలో కూర్చుని, బల్ల మీది బొమ్మని అక్కడినుంచే ఏటవాలుగా ఫొటో తీస్తున్నారు. నుదురు ఇరుకు, దవడ బరువు అని గ్రూపు అన్నది దీనివల్లే కదా అని ఎగిరి గంతేశాను. లోపం బొమ్మలో లేదు, ఫొటోలో ఉంది! ఆవిడకి ఫోన్ చేసి చెప్పాను కూడా, మహా నమ్మకంగా. లేచి నిలబడి, ఫోన్‌ని కాగితానికి సమాంతరంగా పట్టుకుని, నాలుగు అంచులూ తెరమీది గీతలతో కలిసేలా తీయమన్నాను.

తీశారు. పెట్టారు. పది నిమిషాల్లో మొదటి జవాబు: "అక్కా, హీరోకి బట్టతల మొదలైంది."

దవడ సర్దుకుంది. నుదురు మాత్రం ఊరంత అయింది. పాత ఫొటోయే నయమని నలుగురు అన్నారు. ఆవిడ నాకు విడిగా ఒక్క ముక్క పెట్టారు: "ఇక్కడ నుంచి చూస్తే బాగానే ఉంది మాస్టారూ. నిజంగా."

కొలిచాను

ఆ రాత్రి నేను చేయాల్సిన పని, మొదటిరోజే చేయాల్సిన పని చేశాను. ఆవిడ బొమ్మని, ఆవిడ చూసి వేసిన ఫొటోని ఒకే సైజులో ప్రింటు తీసి స్కేలు పెట్టాను. ముఖాన్ని మూడు భాగాలు చేయడం మా వృత్తిలో పాత పద్ధతి: జుట్టు మొదలు నుంచి కనుబొమల దాకా, కనుబొమల నుంచి ముక్కు అడుగు దాకా, అక్కడినుంచి గడ్డం దాకా. చాలా ముఖాల్లో ఈ మూడూ దాదాపు సమానం. తేడా ఉంటే ఆ తేడాలోనే ఆ మనిషి ఉంటాడు. నాలుగు గీతల్లో మనిషిని పట్టేసిన బాపు బొమ్మలు ఒకసారి గుర్తు చేసుకోండి. పోలిక వివరాల్లో లేదు, దూరాల్లో ఉంది. ఆ దూరాలు పోతే వెయ్యి వెంట్రుకలు వేసినా లాభం లేదు.

ఫొటోలో మూడు భాగాలు పైనుంచి కిందికి: 5.0, 5.1, 5.0 సెంటీమీటర్లు. బొమ్మలో: 6.1, 5.5, 5.0.

ఈ మూడు అంకెలు చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. చేయి తప్పితే తప్పు ఎటైనా పోతుంది, ఒకచోట పెరిగి ఇంకోచోట తగ్గుతుంది. ఇది అలా లేదు. గడ్డం దగ్గర సరిగ్గా ఉండి, పైకి పోయేకొద్దీ మెట్టుమెట్టుగా సాగింది. పాత బొమ్మ ఇంకోటి తీసి కొలిస్తే అదే వరస. ఇంత క్రమంగా తప్పు చేయడం మనిషి చేతికి రాదు.

అప్పుడు మా నాన్న మాట గుర్తొచ్చింది. కటౌట్ వేసేటప్పుడు తల లెక్కకన్నా కాస్త పెద్దది వేసేవాడు. ఎందుకని అడిగితే, "కింద రోడ్డు మీద నిలబడి చూసేవాడికి పైన తల చిన్నదైపోద్దిరా. వాడి కంటికి సరిపోవాలి, నీ స్కేలుకి కాదు" అనేవాడు. ఆవిడ చేస్తున్నదీ అదే, తెలియకుండా. ఎక్కడో కింద కూర్చుని పైకి చూస్తూ తల పెంచుతున్నారు.

మర్నాడు ఒకటే అడిగాను: "మీరు బొమ్మ వేసే చోటు, వేసేటప్పుడు ఉన్నది ఉన్నట్టుగా, పక్కనుంచి ఎవరిచేతైనా ఫొటో తీయించి పంపండి."

వాళ్ళ అబ్బాయి తీశాడు. భోజనాల బల్ల, దానిమీద పరిచిన కాగితం, కుర్చీలో ఆవిడ. ఎదురుగా మంచినీళ్ళ సీసాకి ఆనించి నిటారుగా నిలబెట్టిన ఫోన్, అందులో హీరో. కాగితం పడుకుని ఉంది, ఫోన్ నిలబడి ఉంది. విషయం అంతా ఆ ఫొటోలో ఉంది.

బల్ల మీద పరిచిన కాగితం కింది అంచు మనకి దగ్గర, పైఅంచు దూరం, పైగా ఏటవాలు. కన్ను బల్లకి 40 సెంటీమీటర్లు పైన, కాగితం అంచుకి 10 సెంటీమీటర్లు ఇవతల ఉందనుకోండి. ఏ4 కాగితం అడుగున ఒక సెంటీమీటరు నిలువుగీత కంటికి ఎంత కనిపిస్తుందో, పైఅంచు దగ్గర అదే గీత దాంట్లో సగానికి కాస్త ఎక్కువగా మాత్రమే కనిపిస్తుంది. మెదడు దీన్ని చాలావరకు సర్దుతుంది, లేకపోతే బల్ల మీద ఎవరూ ఏమీ రాయలేరు. సర్దగా మిగిలిన కొంచెమే 6.1, 5.5, 5.0. ఎదురుగా నిటారుగా ఉన్న ఫోన్‌లో నుదురు పూర్తిగా కనిపిస్తోంది, కాగితం మీది నుదురు నలిగి కనిపిస్తోంది. రెండూ ఒకేలా కనిపించేదాకా ఆవిడ పైభాగాన్ని పెంచుతూ పోయారు. "ఇక్కడ నుంచి చూస్తే బాగానే ఉంది" అన్నది అక్షరాలా నిజం. ఆ కుర్చీలోంచి చూస్తే బాగానే ఉంది. గ్రూపులో మేమెవరమూ ఆ కుర్చీలో లేము.

కాలేజీ బొమ్మల ముడి కూడా ఇక్కడే విడింది. అప్పుడు చూసి వేసింది వారపత్రికలోంచి. పత్రిక కూడా కాగితం పక్కనే బల్ల మీద పడుకునే ఉండేది. రెండూ ఒకేలా నలిగేవి, కాబట్టి ఒకదాని తప్పు ఇంకోదాంట్లో కలిసిపోయేది. ఆవిడ చేయి 16 ఏళ్ళలో పోలేదు. పడుకున్న పత్రిక పోయి నిలబడ్డ ఫోన్ వచ్చింది, అంతే తేడా.

నమ్మే ముందు పరీక్ష

ఫొటో విషయంలో ఒకసారి ఎగిరి గంతేసి బోల్తా పడ్డాను కాబట్టి ఈసారి చెప్పేయలేదు. ఒకే ఫొటో చూసి, షేడింగ్ లేకుండా 40 నిమిషాల్లో మూడు అవుట్‌లైన్లు వేయమన్నాను, మూడు వేర్వేరు రోజుల్లో. మొదటిది ఎప్పటిలాగా. రెండోది ఫోన్‌ని కూడా కాగితం పక్కన పడుకోబెట్టి. మూడోది కాగితాన్ని పిల్లల పరీక్ష అట్టకి క్లిప్పు పెట్టి, ఆ అట్టని కుక్కర్‌కి ఆనించి ఏటవాలుగా నిలబెట్టి, ఫోన్ దాని పక్కనే నిలబెట్టి.

కొలతలు ఆవిడనే తీయమన్నాను. మొదటిది 6.0, 5.4, 5.0. రెండోది 5.3, 5.1, 5.0. మూడోది 5.1, 5.1, 5.0.

ఒక అనుమానం మిగిలింది. అదే ముఖం మూడోసారి వేస్తే ఎవరికైనా మెరుగవుతుంది, ఆ ఘనత కుక్కర్‌ది కాకపోవచ్చు. అందుకని ఇంకో ముఖం, ఆవిడ ఎప్పుడూ వేయనిది, ఇచ్చి వరస తిప్పాను: ముందు అట్ట, తర్వాత బల్ల. అట్ట మీద మొదటిసారే సరిగ్గా వచ్చింది. రెండోసారి బల్ల మీద వేస్తే నుదురు మళ్ళీ లేచింది. అప్పుడు నమ్మాను, ఆవిడా నమ్మారు. ఆవిడ నమ్మడమే ముఖ్యం. నేను చెబితే "మాస్టారు ధైర్యం చెబుతున్నారు" అనుకుని ఉండేవారు. స్కేలు ఎవరికీ ధైర్యం చెప్పదు.

ఇంట్లో కుక్కర్ పెట్టుకోలేనివాళ్ళకి ఇంకో సులువు ఉంది. బొమ్మ సగంలో ఉండగా కాగితాన్ని అదే బల్ల మీద తలకిందులుగా తిప్పండి. ఇప్పుడు సాగిన నుదురు మీకు దగ్గరికి వస్తుంది, గడ్డం దూరం పోతుంది. దోషం రెట్టింపై కనిపిస్తుంది. అయితే తలకిందుల ముఖంలో దూరాలే చూడండి, కళ్ళలో భావం చూడొద్దు. పీటర్ థాంప్సన్ అనే ఆయన 1980లో చూపించాడు: ఒక ముఖంలో కళ్ళు, నోరు మాత్రం తిప్పి అతికించి, మొత్తం ముఖాన్ని తలకిందులు చేస్తే మనకి పెద్ద తేడా తెలీదు. నిలబెడితే భయంకరంగా ఉంటుంది.

ఏది పనిచేసింది

అట్ట, కుక్కర్ సగం పని చేశాయి. మిగతా సగం పంచుకునే తీరు మార్చడం.

ఫొటో తీయడం మళ్ళీ మొదటినుంచి నేర్చుకున్నాం. పెన్సిల్ బొమ్మలో 6బీ నలుపు ట్యూబ్‌లైట్ కింద మెరుస్తుంది. ఎంత ముదురుగా వేస్తే అంత వెండిలా మెరిసి, ఫొటోలో బూడిదరంగుకి వస్తుంది. ఆవిడ షేడింగ్ వెలవెలబోవడానికి కారణం ఇదే. రాత్రి బొమ్మ అయిపోగానే పెట్టేయాలన్న తొందర చంపుకుని, పొద్దున ఎండ నేరుగా పడని కిటికీ పక్కన, బొమ్మని గోడకి ఆనించి, వెలుగు పక్కనుంచి వచ్చేలా, రెండడుగులు వెనక్కి జరిగి కాస్త జూమ్ చేసి తీయాలి. మరీ దగ్గరగా తీస్తే ఫోన్ లెన్సు వంపు వల్ల మధ్యభాగం కాస్త ఉబ్బొచ్చు. తెల్ల కాగితాన్ని ఫోన్ తనంతట తాను మసకబరుస్తుంది కాబట్టి తెరమీద కాగితం దగ్గర తాకి వెలుగు కొంచెం పెంచాలి. గ్రూపులో ఫొటోలాగా కాకుండా డాక్యుమెంటుగా పంపాలి, లేకపోతే వాట్సాప్ నలిపేస్తుంది.

వ్యాఖ్యల నియమం పూర్తిగా మార్చాను. బొమ్మ పెట్టేవాళ్ళు పక్కన చూసి వేసిన ఫొటో కూడా పెట్టాలి, ఒకే ఒక్క ప్రశ్న అడగాలి. "ఎలా ఉంది" అన్నది ప్రశ్న కాదు. జవాబిచ్చేవాళ్ళు చోటు చూపించాలి: కుడి కన్ను బయటి మూల, పై పెదవి కింద నీడ, చెవి మొదలు ఎత్తు. "కళ్ళు తేడాగా ఉన్నాయి" అంటే నేను తీసేస్తాను. మొదట్లో దీన్ని కఠినం అన్నారు. నిజానికి మెచ్చుకోళ్ళ నియమంకన్నా ఇదే దయగలది. లోపం మనిషిలోంచి జారి కాగితం మీద ఒక చోటికి వస్తుంది, రబ్బరుతో చేరుకోగలిగినంత దగ్గరికి.

అభిమానుల పేజీ సంగతి వేరే ఆలోచించాల్సి వచ్చింది. ఇక అక్కడ పెట్టొద్దని చెప్పడం సులువు. కానీ ఆవిడ బొమ్మ వేసేదే ఆ హీరో కోసం. మా అరవై మంది చాలు అనుకుని ఉంటే తొమ్మిది రాత్రులు కూర్చోరు. కాబట్టి వరస మార్చాం: ముందు మా గ్రూపు, రెండు రోజులు ఆగి సవరణ, తర్వాత అక్కడ. పుట్టినరోజునాడు కాకుండా ఒక రోజు ముందే పెట్టడం కూడా ఆవిడకి నేను చెప్పిన చిట్కా. పుట్టినరోజున వందల బొమ్మలు పడతాయి, జనం వేడి మీద ఉంటారు.

ఇంకోటి. ఆవిడ సంతకం కాగితం మూలలో పెట్టేవారు. ఏవేవో పేజీలు ఆ మూల కోసేసి తమదిగా వేసుకుంటాయి. ఇప్పుడు కాలర్ మడతలో, షేడింగ్‌లో కలిపి పెడతారు. దాన్ని కోయాలంటే మెడ కోయాలి. మనం కూడా ఎవరి ఫొటో చూసి వేశామో తెలిస్తే ఆ ఫొటోగ్రాఫర్ పేరు రాయమని చెప్పాను. 1957 నాటి మన కాపీరైట్ చట్టంలో ఫొటో కూడా కళాకృతి కిందే లెక్క. ఇంట్లో వేసుకుని నలుగురికీ చూపించుకోవడం ఒక సంగతి. ఒకాయన ఆ బొమ్మ ప్రింట్లు వేసి అమ్ముదామని ఆవిడని అడిగాడు. అది పూర్తిగా వేరే సంగతి, వద్దన్నాను, ఆవిడ కూడా వద్దనే అనుకున్నారు.

తర్వాతి ఏడాది పుట్టినరోజు బొమ్మకి ఆ పేజీలో ఏం వచ్చిందని అడుగుతారేమో. పొగడ్తలు వచ్చాయి, తిట్లు కూడా వచ్చాయి. తిట్లు హీరో సినిమా గురించి, బొమ్మ గురించి కాదు. ఆవిడ నవ్వుతూ చెప్పారు ఆ మాట.

నాకు మిగిలినవి

మొదటి మాట ఆనవాలుగా వినాలి. "పాతవే నయం" అని ఎవరైనా అంటే ఇప్పుడు నేను ఓదార్చను. పాతవి ఎక్కడ కూర్చుని, దేన్ని చూసి, ఏ వెలుగులో వేశారో అడుగుతాను. కుదిరితే పాత బొమ్మ తెప్పించి కొలుస్తాను. ఆవిడ కాలేజీ బొమ్మ ఒక్కటి మొదటివారమే తెప్పించి ఉంటే నాలుగు నెలలు మిగిలేవి.

రెండోది, ఒక మందు పనిచేసినప్పుడు ఎందుకు పనిచేసిందో అడగాలి. గళ్ళతో పోలిక వచ్చిన రోజు జవాబు నా చేతిలోనే ఉంది. పని అయింది కదా అని వదిలేశాను.

మూడోది కాస్త సిగ్గుతో రాస్తున్నాను. ఈ కేసు తేలాక నేను గ్రూపంతటికీ అట్టలు పట్టించాను. నుదురు పెద్దదనిపిస్తే చాలు, కుక్కర్ పెట్టండి అనేవాణ్ణి. ఒక కుర్రాడికి మూడు వారాలు అలాగే చెప్పాను. వాడి బొమ్మల్లో ముక్కు పెద్దది, చెవులు చిన్నవి, ముఖం ముందుకి ఉబికినట్టు. కొలిస్తే నిలువులో తేడా లేదు, మధ్యకీ అంచులకీ మధ్య ఉంది. వాడు అట్ట మీదే వేస్తున్నాడు, పోలికా సరిగ్గానే దింపుతున్నాడు. చూసి వేస్తున్నవి మాత్రం స్నేహితులు చేయి చాచినంత దూరంలో తీసుకున్న సెల్ఫీలు. అంత దగ్గరలో ముక్కు కెమెరాకి చెవులకన్నా బాగా దగ్గర, కాబట్టి పెద్దదవుతుంది. వాడు అబద్ధం చెప్పే ఫొటోని నిజాయితీగా వేస్తున్నాడు. నాలుగైదు అడుగుల దూరం నుంచి జూమ్ చేసి తీసిన ఫొటో ఇస్తే సరిపోయింది. ఒక కేసు తేలిన ఊపులో తర్వాతి కేసుని దాని కళ్ళతోనే చూడటం, ఇది డాక్టర్లకీ మెకానిక్కులకీ ఉన్న జబ్బే. డ్రాయింగ్ మాస్టర్లకి లేకపోతే కదా.

ఆవిడకి ఇంకా రానివి ఉన్నాయి. నవ్వే ముఖంలో కింది రెప్ప పైకి లేవడం పట్టుబడలేదు. అందుకే ఆవిడ హీరో ఇప్పటికీ గంభీరంగానే ఉంటాడు. ఇంట్లో మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని వేయడం మొదలుపెట్టారు, అది అరగంట దాటితే మనిషి లేచిపోతున్నాడు.

మొన్న బుధవారం రాత్రి గ్రూపులో ఒక ఫొటో పెట్టారు. కుక్కర్, దానికి ఆనించిన అట్ట, దానిమీద సగం అయిన ముఖం, పక్కన ఫోన్. కింద ప్రశ్న: "ఎడమ ముక్కుపుటం కింద నీడ ఎక్కువైందా?"

ముగ్గురు ఒకే జవాబు పెట్టారు. "అయింది."